పంచదార ముద్దకు నిండు వన్నె
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయము పెట్టి ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభ సందర్భమున నేను ఏ ప్రబంధమును గూర్చియో మాటలాడుదునని మీలో పెక్కు రనుకొనియుందురు. కార్యదర్శిగారును అట్లే తలచిరి. కాని మన గ్రంథాలయమున పాఠకులు కోరిన పుస్తకముల పేర్లు వ్రాసియుంచు చిట్టా యొకటి కలదు. లెక్కలు వ్రాసి బ్రదుకువాడను గావున ఎచ్చట చిట్టా కనబడినను తిరుగవేయక యుండజాలను. అందులో కేకుపై కప్పు పంచదార పూతకు ముదురు రంగులు తెచ్చు విధమును తెలుపు పుస్తకము కావలెనని ఒకరు గాదు, నలుగురు స్త్రీలు వ్రాసియున్నారు. బీరువాలలో ఆంధ్ర మహాభారతము కలదు, వ్యవసాయ గ్రంథములు కలవు, ఇది మాత్రము లేదు. అడిగినవారికి ఉత్తరము చెప్పకయే పండుగ చేసికొనుట న్యాయము గాదని తోచి, దొరకినంత చదివి, చేయువారి చెంత కూర్చుండి చూచి, ఈ నాలుగు మాటలు వ్రాసికొని వచ్చితిని.

ఇది తీరికగలవారి ముచ్చట యని కొందఱు నవ్వవచ్చును. అట్లు నవ్వదగినది గాదు. పుట్టినరోజు కేకు పట్టణమునకే చెందిన కాలము గడచినది. నేడు ఇంటివద్దనే కేకులు చేసి యిచ్చి సంసారమునకు నాలుగు రూపాయలు చేర్చుకొను స్త్రీలు పల్లెలలోను ఉన్నారు. కొనువాడు వచ్చి చేతిలోని ఫోనులో బొమ్మ చూపును. ఎఱ్ఱని కారు, నల్లని గబ్బిలము, నెమలి కంఠము వంటి నీలము. ‘ఇదే రంగు కావలె’ ననును. ఆమె తెల్లని ముద్దలో ఎఱుపు కలుపును, గులాబి వచ్చును. ఇంకను కలుపును, ముదురు గులాబి వచ్చును. సీసా సగమగును, ముద్ద చేతికి అంటుకొనును, రుచి చేదగును, ఎఱుపు మాత్రము రాదు. అప్పుడు ఎవరో ఒకరు అంగడిలో దొరకు పేరులేని పొట్లమును చూపించి ‘ఇది చిటికెడు చాలు’ నందురు. ఆ చిటికెడు ఎవరి కడుపులోనికి పోవునో మనకు తెలియును. పుట్టినరోజు పిల్లలది.

మొదట వస్తువును తెలిసికొందము. దీనిని ఫాండెంట్ అందురు. ఫ్రెంచి భాషలో కరగునది యని అర్థము. పంచదారను పాకము పట్టి, చల్లార్చి, మథించి, మీగడవలె చేసి పోయునది యొక విధము. మెత్తని పంచదార పొడికి గ్లూకోజు, గ్లిసరిను, జెలటిను లేక బంక, కొంచెము కొవ్వు చేర్చి చపాతీ పిండివలె పిసికి, ఒత్తి, కేకుపై దుప్పటివలె కప్పునది రెండవ విధము. మనకు నేడు కావలసినది ఈ రెండవది. పేరు పరదేశపుదైనను వస్తువునకు మూలమైన పంచదార మనది. ఇంగ్లీషువారి ‘షుగర్’ మన ‘శర్కర’ నుండియు, ‘క్యాండీ’ మన ‘ఖండ’ శబ్దము నుండియు పారసీక, అరబ్బీ భాషలమీదుగా పోయినవే. పదము వెళ్లినదారినే వస్తువును వెళ్లి, వేషము మార్చుకొని తిరిగి వచ్చినది.

మన పెండ్లి సారెలో పంపు పంచదార చిలుకలు దీనికి దగ్గఱి చుట్టములు. పాకమును కొయ్య అచ్చులో పోసి తీసిన ఆ చిలుకలకు లేత గులాబియో, లేత పసుపో వేయుట వాడుక. లేతరంగుతోనే అవి పెండ్లిపందిరికి శోభ తెచ్చినవి. ముదురు రంగు తేవలెనను పట్టుదల ఫాండెంటుతో వచ్చినది. దాని నడ్డగింపజాలము గనుక, చేయు విధమైనను సరిగా తెలిసికొనుట మేలు.

తెల్లని ముద్దకు ఎఱుపు ఏల పట్టదు? పంచదార పలుకు ఒక్కటిగా చూచిన తెలుపు గాదు, గాజువలె నిర్మలము. దానిని పొడి చేసినపుడు లక్షల అంచులు ఏర్పడి, పడిన వెలుతురును అన్ని దిక్కులకు చిమ్మివేయును. ఆ చిమ్ముటనే మనము తెలుపందుము. రంగు కొంత వెలుతురును మ్రింగును. పలుకులు మిగిలినదానిని లోపలికి పోనీయక వెంటనే వెనుకకు తరుమును. అందుచేత కన్నునకు రంగుతోపాటు తెలుపును కలసి చేరును. అదియే గులాబి. ఎండిన ఎఱ్ఱమట్టి వెలవెలబోయి యుండి, ఒక వాన జల్లు పడగానే నిగ్గు తేలుట మీరెఱుగుదురు. మట్టిలో రంగు పెరుగలేదు. రేణువుల నడుమ గాలి యున్న చోట నీరు చేరి, వెలుతురు చిమ్ముట తగ్గినది, అంతియే. ఈ చిన్న సంగతి తెలిసినవారికి సగము విద్య వచ్చినట్లే. రంగు ఎక్కువ వేయుట వేరు, రంగు నిండుగా కనుపించుట వేరు.

ఇక పని తీరు చెప్పెదను. నీటివంటి పలుచని రంగులు ఈ పనికి రావు. అవి ముద్దను జిగురు చేయును. జిగురు పోవుటకు మరల పంచదార పొడి చల్లుదురు. ఆ పొడితో రంగు పాలిపోవును. మరల రంగు పోయుదురు. నేను చూచినంతలో అందఱును పడు గుంట యిదియే. చిక్కని జెల్ రంగును పంటిపుల్లతో కొంచెముగా తీసికొని, మొత్తము ముద్దలో గాక, నిమ్మకాయంత ముద్దలో మొదట పట్టింపవలెను. అది మిక్కిలి ముదురుగా వచ్చిన పిమ్మట పెద్ద ముద్దలోనికి కొంచెము కొంచెముగా చేర్చుచు మర్దింపవలెను. పాలలో తోడు వేయు పద్ధతి యిదియే గదా. చేతికి పిండి బదులు కొంచెము వెన్నయో, వనస్పతియో రాచికొనవలెను. పిండి రాచిన, అది పైపైని తెల్లని పొరగా నిలిచి రంగును మబ్బు కమ్మినట్లు చేయును.

తరువాతి మెట్టు ఓపిక. కలుపగానే కనబడిన రంగు తుది రంగు గాదు. ముద్దలో నీరు స్వల్పము. రంగు అందులో కరగి అంతటను వ్యాపించుటకు వ్యవధి కావలెను. గాలి చొరకుండ చుట్టి, చీకటిలో రాత్రియంతయు నుంచినచో ఎఱుపు, నలుపు, నీలము తెల్లవారుసరికి ఒక మెట్టు, ఒక్కొక్కపుడు రెండు మెట్లు దిగును. సాయంకాలము లేతగా కనబడుచున్నదని బెంగపడి ఇంకొక చెంచా వేసినవారు తెల్లవారి లేచి చూచి చేదు ముద్దను పాఱవేయవలసి వచ్చును. కావున ముదురు రంగు కావలసిన కేకును ముందునాడే ఆరంభింపవలెను. రేపటి కేకును ఈ రాత్రి అడుగు బేరమును నిర్మొగమాటముగా కాదనవలెను.

మూడవది అడుగు రంగు. తెలుపు నుండి నలుపునకు నడచుట కాశీయాత్ర. గోధుమరంగు నుండి నలుపునకు పోవుట ప్రక్క యూరి ప్రయాణము. నల్లని పూత కావలసినచో తెల్లని ముద్దకు కోకో పొడి చేర్చి ముదురు గోధుమవన్నె తెచ్చుకొని, ఆ పైని కొంచెము నీలము, కొంచెము ఎఱుపు చేర్చిన చాలును. క్షారముతో శుద్ధిచేసిన కోకో ఇంకను నల్లగా నుండును; హాలండు దేశపు వాన్ హౌటెన్ కుటుంబము 19వ శతాబ్దమున వ్యాప్తిలోనికి తెచ్చిన పద్ధతి యది. ఎఱుపునకు సైతము కొంచెము కోకో అడుగుగా నుంచిన దానిమ్మగింజ ముదురు వచ్చును. మందార ఎఱుపే కావలసినచో కోకో పనికిరాదు. మొదట నారింజ వన్నె తెచ్చి ఆపైని ఎఱుపు వేయవలెను. నలుపునకై కాల్చిన బొగ్గుపొడి కలుపు వాడుక యొకటి వచ్చినది. ఆ బొగ్గు కడుపులో మందులను సైతము పట్టి యుంచును గాన, మందులు వాడువారు తిను వస్తువులో అది తగదని నా అభిప్రాయము.

అడుగు సిద్ధము చేసికొనుట మన కలంకారీ పనివారికి తెలిసిన ధర్మమే. శ్రీకాళహస్తిలో బట్టను మొదట కరక్కాయ నీటిలోను పాలలోను తడిపి ఆరవేసిన పిమ్మటనే కలము పట్టుదురు. నలుపు తెచ్చుటకు తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీటిలో దినముల తరబడి నాననిత్తురు. ఆ నీరు కరక్కాయ పట్టిన బట్టను తాకినంతనే నల్లబడును. పాలలోని కొవ్వు రంగును ప్రక్కకు ప్రాకనీయదు. అది కట్టెడు బట్ట, ఇది తినెడు తీపి. ఆ ద్రవ్యములు ఇచట పనికిరావు, క్రమము మాత్రము పనికివచ్చును.

నాలుగవది పొరుగు. ఈ సంగతి చెప్పుటకు నాకు ప్రత్యేకముగా ముచ్చట. పారిస్ నగరమున గోబెలిన్ అను రాజకీయ నేతశాల కలదు. అచ్చటి అద్దకపు శాఖకు 1824లో షెవ్రోల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు అధికారియయ్యెను. నీలపు తివాసులలో నీడలకు వాడిన నల్లని ఉన్ని వెలవెలబోవుచున్నదనియు, అద్దకము మంచిది గాదనియు అతని యొద్దకు ఫిర్యాదు వచ్చెను. అతడు ఆ నల్ల ఉన్నిని ఇతర శాలల నల్ల ఉన్నితో పోల్చి చూచెను. లోపమేమియు లేదు. దోషము రంగులో గాక దాని ప్రక్కనున్న నీలము, ఊదా రంగులలో నున్నదని కనిపెట్టి, పదునైదేండ్లకు, 1839లో, రంగులు ఒండొంటి నెట్లు మార్చునో తెలుపు పెద్ద గ్రంథము ప్రకటించెను. నూట రెండేండ్లు జీవించిన మహానుభావుడు. మన పనికి అతని పాఠమిది: ఎఱుపును గులాబి ప్రక్క పెట్టిన పాలిపోవును, ఆకుపచ్చ ప్రక్క పెట్టిన మండును. పసుపు నంటియున్న ఊదా లోతుగా కనబడును. నలుపును నీలము చెంత గాక మీగడ తెలుపు చెంత నుంచవలెను. ఒక చుక్క రంగైనను అదనముగా వేయక తెచ్చుకొనదగిన ముదురు ఇది.

ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వని నాకిచట జ్ఞప్తికి వచ్చుచున్నది. వాచ్యముగా చెప్పినదానికంటె స్ఫురింపజేసినది లోతైనదని గదా ఆ పెద్దల మతము. కేకును ధ్వన్యాలోకముతో ముడిపెట్టుట సాహసమనిన అనవచ్చును. కాని పాకమును చిత్రమును ఒకే గ్రంథమున చేర్చుటకు మన పూర్వులు సంకోచింపలేదు; 12వ శతాబ్దమున చాళుక్య రాజైన సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున వంటకములును కలవు, చిత్రలేఖనమున వాడు వర్ణములును కలవు.

ఇంతవరకు చేతిపని. ఇక నా వృత్తికి చెందిన భాగమునకు వచ్చెదను. దయచేసి కొంచెము ఓపికతో వినవలెను.

మన దేశమున తినుబండారములకు వాడదగిన కృత్రిమ రంగులను చట్టము పేరు పేరున చెప్పినది. 1954 నాటి కల్తీ నిరోధక చట్టము పోయి, 2006 నాటి ఆహార భద్రతా చట్టము వచ్చి, దాని క్రింద 2011లో నిబంధనలు వెలువడినవి. వాని ప్రకారము ఎఱుపులు మూడు: పాన్సో 4ఆర్, కార్మాయిసిన్, ఎరిత్రోసిన్. పసుపులు రెండు: టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో. నీలములు రెండు: ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ. ఆకుపచ్చ ఒకటి: ఫాస్ట్ గ్రీన్. మొత్తము ఎనిమిది. సీసాపై పేరునకు బదులు అంకె యుండవచ్చును. ఎఱుపుల అంకెలు వరుసగా 124, 122, 127. వీనిని సామాన్యముగా కిలో పదార్థమునకు 100 మిల్లీగ్రాములకు మించి వాడరాదు. నూఱు మిల్లీగ్రాములనగా గ్రాములో పదవ వంతు.

ఇప్పుడు లెక్క వేయుదము. కేకును కప్పుటకు అరకిలో ముద్ద పట్టినదనుకొందము. చట్టము ప్రకారము అందులో 50 మిల్లీగ్రాముల రంగు ఉండవచ్చును. జెల్ సీసాలో నూటికి అయిదు పాళ్లు అసలు రంగు ఉన్నదనుకొందము. ముదురు ఎఱుపు రావలెనని ఒక టీ చెంచా, అనగా సుమారు 5 గ్రాముల జెల్ వేసినచో, పడిన రంగు 250 మిల్లీగ్రాములు. కిలోకు 500 అయినది. హద్దునకు అయిదు రెట్లు. ఎవరును దురుద్దేశముతో చేసినది గాదు. ఒక చెంచా వేసిరి, అంతియే.

పిల్లవాని వైపునుండి చూతము. పదునైదు కిలోల బరువుగల బిడ్డ ఆ పూతను 50 గ్రాములు తినెననుకొందము. పిల్లలు కేకును వదలి పూతనే తిందురని తల్లులకు తెలియును. ఐదింతల రంగు పడిన పూతలో బిడ్డకు చేరునది 25 మిల్లీగ్రాములు. జీవితాంతము ప్రతిదినము తినినను హాని లేదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిన పరిమితి శరీరపు బరువులో ఒక్కొక్క కిలోకు ఎరిత్రోసినునకు 0.1 మిల్లీగ్రాము, ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లో చెప్పిన ప్రకారము పాన్సోకు 0.7, కార్మాయిసినునకు 4. మన బిడ్డకు గుణించి చూచిన అవి 1.5, 10.5, 60 అగును. అనగా చట్టపు హద్దులోనే యున్న పూతనుండి చేరు 5 మిల్లీగ్రాములు సైతము ఎరిత్రోసిన్ అయినచో ఆనాటి పరిమితిని దాటును. కార్మాయిసిన్ అయినచో పండ్రెండవ వంతునకు చేరును. ఒక దినము దాటినంతమాత్రమున బిడ్డకు వెంటనే కీడు మూడునని భయపడరాదు. ఆ పరిమితి నిత్యము తినుటను గూర్చినది. కాని ఒకే పని చేయు రెండు ఎఱుపులలో ఏది యెన్నుకొనవలెనో లెక్కయే చెప్పుచున్నది. ఎరిత్రోసిన్‌కు అమెరికా ప్రభుత్వము 2025 జనవరిలో ఆహారమున అనుమతి రద్దు చేసినది. అది వెలుతురునకును నిలువదు. గులాబి, ఊదా పూవులు కిటికీ చెంత పెట్టిన ఒక పూటలో వెలిసిపోవుటకు అట్టి రంగులే కారణము.

కార్మాయిసినును నిర్దోషి యని చెప్పుట నా యుద్దేశము గాదు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమువారు 2007లో ప్రకటించిన పరిశోధనలో, ఆఱు రంగులను ఒక నిలువ ద్రవ్యముతో కలిపి యిచ్చినపుడు కొందఱు పిల్లలలో చాంచల్యము పెరిగినట్లు కనబడినది. ఆ ఆఱింటిలో కార్మాయిసిన్, పాన్సో, టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో కలవు. 2010 జూలై నుండి ఐరోపాలో ఆ రంగులు పడిన వస్తువుపై హెచ్చరిక ముద్రింపవలసి యున్నది. కావున అనుమతి యున్నదానిని సైతము పొదుపుగా వాడవలెను.

అనుమతియే లేనివాని సంగతి వేఱు. రోడమిన్ బి బట్టలకును కాగితములకును వేయు అద్దకపు రంగు. నీటిలో వేయగానే కన్నులు చెదరు గులాబి కాంతి నిచ్చును. పీచుమిఠాయిలో దీనిని కనుగొని 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వములును, మార్చిలో కర్ణాటక ప్రభుత్వమును నిషేధాజ్ఞలు వెలువరించినవి. మెటానిల్ ఎల్లో అను పసుపును అట్టిదే. ఇది కొత్త పాపము గాదు. 1820లో లండను నగరమున అక్యుమ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు, పిల్లల మిఠాయిలలో ఎఱుపునకు సీసపు సిందూరమును, పచ్చదనమునకు రాగి లవణములను వాడుచున్నారని పుస్తకము వ్రాసి బయటపెట్టెను. 1856లో పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల యువకుడు తారునుండి ఊదా రంగును తీసినది మొదలు ఇట్టి రంగులు చౌకయై, రెండు రూపాయల పొట్లముగా మన అంగడికి దిగినవి. రంగు కొనునపుడు పొట్లముపై ఆహారపు రంగు అను మాట, రంగు పేరు, పదునాలుగు అంకెల లైసెన్సు సంఖ్య, గడువు తేదీ చూడవలెను. ఇవి లేని రంగు ఎంత అందముగా నున్నను అది హోలీకో, బుట్టల అల్లికకో గాని బిడ్డ నోటికి గాదు.

నిండు ఎఱుపు హద్దులో వచ్చునా యని మీరు అడుగుదురు. తెల్లని ముద్దకు నిలువెల్ల కలిపినచో రాదు. ఇది నిజము, దాచి లాభము లేదు. కాని ఇచటనే ఒక ఉపాయము కలదు. పూత మందము మూడు మిల్లీమీటర్లు అనుకొందము. కన్ను చూచునది పైని అర మిల్లీమీటరు మాత్రమే. మిగిలిన ఆఱింట అయిదు వంతుల రంగు కన్నునకు కనబడక కడుపునకు మాత్రము చేరుచున్నది. వ్యాపారి భాషలో చెప్పవలెనన్న ఇది ఖర్చే కాని జమ లేని పద్దు. అందుచేత ముద్దను లేతగానో, కోకోతో గోధుమగానో ఉంచి, కేకుపై కప్పి, కొంచెము ఆరిన పిమ్మట మెత్తని కుంచెతో రంగును పైపూతగా రెండు మూడు మాఱులు పలుచగా వేయవలెను. ఒక పొర ఆరనిదే రెండవ పొర వేయరాదు. ఇందాకటి 250 మిల్లీగ్రాములకు బదులు ఆఱవ వంతు, సుమారు 42 చాలును. అరకిలోకు 42 అనగా కిలోకు 84. హద్దులోపలనే నిలిచినది. పరీక్షాధికారి పైపొరను మాత్రము గీకి తూచినచో లెక్క మాఱును గాని, బిడ్డ కడుపు పూత మొత్తమునే తూచును. తుదిని కేతిలి ఆవిరిని దూరమునుండి ఒక్క క్షణము సోకనిచ్చినచో, నేను చెప్పిన ఎఱ్ఱమట్టి న్యాయమున, రంగు మఱియొక మెట్టు దిగును. ఎక్కువసేపు పట్టినచో కారిపోవును.

కొలత ఎట్లనగా: రంగు పొడిని ఒక గ్రాము పొట్లముగా తీసికొని, కాచి చల్లార్చిన 50 మిల్లీలీటర్ల నీటిలో కరగించి, శుభ్రమైన సీసాలో పోసికొనవలెను. అప్పుడు మిల్లీలీటరునకు 20 మిల్లీగ్రాముల రంగు. మందుల అంగడిలో దొరకు సూదిలేని సిరంజితో రెండున్నర మిల్లీలీటర్లు తీసిన 50 మిల్లీగ్రాములు, అరకిలో ముద్దకు సరి. పొడిలో ఉప్పు వంటివి కలిసియున్నచో అసలు రంగు ఇంకను తగ్గును గాని పెరుగదు. చెంచాతో పని లేదు, ఊహతో పని లేదు. సీసాను వాడిన నాడే ముగించుట మంచిది. నీటిలో కరగిన రంగు నిలువకు తగదు.

వంటింటి రంగులను గూర్చియు రెండు మాటలు. బీటు దుంప పొడి చక్కని గులాబి నిచ్చును. వేడి తగిలిన చెడును, నిమ్మరసపు చుక్క తోడైన నిలుచును. పసుపు మంచిదే గాని వెలుతురులో వెలియును, సోడా తగిలిన ఎఱుపునకు తిరుగును. పసుపు సున్నముల పారాణి మీ పాదముల యెఱుకలోనిదే. శంఖపుష్పపు నీలము పులుపు తగిలిన ఊదా అగును. ఇవి ముదురు రంగులకు చాలవు గాని, పంచదార చిలుకల నాటి లేత వన్నెలకు వీనికి సాటి లేదు.

బేరము కుదుర్చుకొనువారికి నా సలహా యిది. కేకు నిలువెల్ల ఎఱుపు వేయుటకు ఒప్పుకొనక, మీగడ తెలుపు పూతపై ఒక్క మందారమును నిండు ఎఱుపుగా పెట్టి, చుట్టును ఆకుపచ్చ ఆకులు అమర్చి చూపుడు. షెవ్రోల్ దొర మీ పక్షమున సాక్ష్యము చెప్పును. ఆ పూవును ముందుగానే చేసి ఆరనిచ్చి పుల్లకు గ్రుచ్చినచో, కోయుటకు ముందు తీసి బిడ్డ చేతికి ఆటకీయవచ్చును. గబ్బిలము కావలసినచో కోకో అడుగుతో చేయుడు. నల్లగా లేదని ఎవరైన అనిన, పసుపుపచ్చని చందమామను ప్రక్కన పెట్టుడు.

ఒక జాగ్రత్త మిగిలినది. ముదురు రంగు కేకును ఫ్రిజ్‌నుండి తీసి వెంటనే వేడి గాలిలో పెట్టినచో చెమట పట్టి ఎఱుపు తెలుపులోనికి కారును. వానకాలమున ఇది మఱియు అధికము, గ్లిసరిను గాలిలోని తేమను లాగును గనుక. అట్టపెట్టెలో మూసియుంచియే బయటపెట్టి, చలువ పోయిన పిమ్మట మూత తీయవలెను. చెమట పట్టినచో గుడ్డతో తుడువరాదు. పంకా గాలికి దానంతట అది ఆరనీయవలెను.

పఠనమందిరపు బల్లపై మూడు ముద్దలు ఉంచితిమి. మూడింటికిని సరితూకపు రంగే. మొదటిది తెల్లని ముద్దలో నిలువెల్ల కలిపినది, రెండవది కోకో అడుగున కలిపినది, మూడవది తెల్లని బిళ్లపై కుంచెతో పూసినది. కలిపినవి రెండును ఇంకను పచ్చివి గాన నేటి రాత్రి కప్పి యుంచెదము. రేపు ఉదయము ఎనిమిది గంటలకు తలుపులు తీసిన పిమ్మట వచ్చి చూచి పోవలసినదిగా కోరుచున్నాను. పిల్లలను బల్ల దగ్గఱ కొంచెము కనిపెట్టియుండుడు. సెలవు.